బోధన్‌లో ఇద్దరు రాక్షసులు, ఒక వాట్సాప్ మెసేజ్

ముందు మీకో చిన్న ప్రశ్న. ప్రపంచంలో పేరున్న రాక్షసుల లిస్టు రాయమంటే ఎవరెవర్ని రాస్తారు? డ్రాక్యులా, గాడ్జిల్లా, తల మీద పాములున్న మెడూసా, ఎద్దు తలకాయ ఉన్న మినోటార్. గేమ్స్ ఆడేవాళ్ళయితే బాసిలిస్క్ కూడా రాస్తారు. ఈ లిస్టులో మన నిజామాబాద్ జిల్లా వాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. ఒకరు కాదు, ఇద్దరు. నేను మాట్లాడుతున్నది మోస్రా నుంచి. ఇక్కడికి బోధన్ దగ్గరే. ఆ బోధన్ పేరు మీద రెండు పెద్ద రాక్షస కథలున్నాయి. ఒకటి మీ అందరికీ తెలుసు, రెండోది బహుశా ఒక్కరికి కూడా తెలిసి ఉండదు. ఈ ఎపిసోడ్‌లో ఆ రెండూ చెప్తా. చెప్పి ఊరుకోను. ఒక రాక్షసుడి కథ వినగానే చరిత్ర చదివేవాళ్ళు ఏం అడుగుతారో కూడా చూద్దాం. ఎందుకంటే ఆ ప్రశ్నలు అడగనందుకు, మన కాలంలోనే, మన జిల్లాలోనే మనిషి ప్రాణం పోయింది. అక్కడికి చివర్లో వస్తా.

మొదటివాడు బకాసురుడు.

ఎవరైనా రెండు ప్లేట్ల బిర్యానీ లాగించేస్తే "బకాసురుడిలా తింటున్నావేందిరా" అంటాం కదా, ఆయనే. పేపర్లలో "భూబకాసురులు", "అవినీతి బకాసురులు" అని హెడ్డింగులు కూడా చూసే ఉంటారు. సంస్కృతంలో బకం అంటే కొంగ. మహాభారతం ఆదిపర్వంలో ఈ కథ ఉంది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ ఆదిపర్వాన్ని తెలుగు చేశాడు. అంటే దాదాపు వెయ్యేళ్ళ నుంచి ఈ కథ తెలుగులో నడుస్తోంది.

కథ జరిగిన ఊరి పేరు ఏకచక్రపురం. అదే బోధన్ అని మన దగ్గర నమ్మకం. బోధన్‌లో ఏకచక్రేశ్వరుడి గుడి ఉంది. రాకాసిపేట అని ఒక పేటే ఉంది. ఆ పేరు మీద ఇప్పటికీ ఉత్తరాలు వస్తాయి, డెలివరీ బాయ్ లొకేషన్ పెట్టుకొని వస్తాడు. అయితే ఒక మాట చెప్పాలి. ఏకచక్రపురం మాదే అనేది మన ఒక్కళ్ళమే కాదు. బిహార్‌లో ఆరా పట్టణం వాళ్ళు అంటారు, పశ్చిమ బెంగాల్‌లో బీర్‌భూమ్ జిల్లాలో ఏకచక్ర అనే ఊరే ఉంది. దేశంలో చాలా ఊళ్ళు పాండవులు మా దగ్గరే ఉన్నారంటాయి. అది అబద్ధం అని నేననను. ఒక కథ ఊళ్ళోకి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకొని ఉండిపోవడం అంటే అదే. కానీ "మా ఊళ్ళో ఆ పేరుంది కాబట్టి ఇక్కడే జరిగింది" అనేది చరిత్రకి సాక్ష్యం కాదు. రెండింటికీ తేడా గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు కథలో మనం సినిమాల్లో చూడని భాగం చెప్తా. లక్క ఇంటి నుంచి తప్పించుకున్న పాండవులు బ్రాహ్మణ వేషంలో ఏకచక్రపురంలో ఒకరి ఇంట్లో తలదాచుకుంటారు. ఒకరోజు ఆ ఇంట్లోంచి ఏడుపు వినిపిస్తుంది. కుంతి వెళ్ళి అడుగుతుంది. ఇంటాయన చెప్పే సంగతి ఏంటంటే, ఊరి బయట బకుడు ఉంటాడు. వాడికి బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకెళ్ళే మనిషి, అంతా కలిపి ఆహారం. ఒక్కో ఇంటికి ఒక్కోసారి వంతు వస్తుంది. రేపు మా వంతు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. వాడు ఊరి మీద పడి దొరికినవాణ్ణి దొరికినట్టు తినడం లేదు. లెక్క ఉంది. రేటు ఉంది. వంతు ఉంది. ఇది ఒక ఒప్పందం. మూలంలో ఇంకా గట్టి మాట ఒకటుంది. బకుడు ఈ ఊరికి కాపలా కూడా కాస్తాడట. వాడుండగా పరాయి సైన్యాల భయం లేదు, వేరే భూతాల భయం లేదు. కాపలా కాసినందుకు వాడికిచ్చే జీతమే ఈ అన్నం, ఈ మనిషి.

మరి రాజు ఏడీ? ఆయన కూడా ఉన్నాడు. వేత్రకీయగృహం అనే చోట ఉంటాడు. ప్రజల్ని కాపాడే ఉపాయం చెయ్యడు, చేతకాదు అని ఆ బ్రాహ్మణుడే చెప్తాడు. అంటే కథ మనకి ఏం చెప్తోంది? కాపాడాల్సినవాడు కాపాడకపోతే ఆ ఖాళీలోకి వేరేవాడు వచ్చి కూర్చుంటాడు. వాడూ పన్ను తీసుకుంటాడు. రాజు పన్ను ధాన్యం, వాడి పన్ను మనిషి. నన్నడిగితే బకాసురుడి కథ తిండిపోతు కథ కాదు, పన్నుల కథ. "భూబకాసురుడు" అని హెడ్డింగ్ పెట్టిన విలేకరికి ఈ విషయం తెలుసో తెలీదో గానీ, మాట మాత్రం సరిగ్గా కుదిరింది.

ఆ ఇంట్లో జరిగే గొడవ ఇంకా బాధగా ఉంటుంది. నేను పోతానంటే నేను పోతానని మొగుడు, పెళ్ళాం, కూతురు వాదించుకుంటారు. ఇంకా మాటలు సరిగ్గా రాని చిన్న కొడుకు ఒక గడ్డిపరక పట్టుకొని, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తా అంటాడు. అంత ఏడుపులోనూ వాళ్ళకి నవ్వొస్తుంది. ఇంటాయన భార్యతో ఇంకో మాట అంటాడు. ఈ ఊరు వదిలి పోదామని నేను ముందే చెప్పాను, పుట్టి పెరిగిన ఊరు, అమ్మానాన్నలు ఉన్న ఊరు అని నువ్వే వద్దన్నావు, ఇప్పుడు చూడు అని.

ఈ మాట చదివినప్పుడల్లా నాకు మన జిల్లానే గుర్తొస్తుంది. ఆర్మూర్ వైపు గానీ బోధన్ వైపు గానీ, గల్ఫ్‌కి పోయిన మనిషి లేని ఊరు చెప్పండి చూద్దాం. ఊళ్ళో ఉండి వంతు కోసం ఎదురుచూడాలా, వదిలి పోవాలా? ఈ గొడవ ఎన్ని ఇళ్ళల్లో జరగలేదు? 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్ళు వచ్చాక ఈ నేలంతా వరి, చెరుకు అయింది. 1930ల చివర్లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. చెరుకు బండ్లు వరసగా ఫ్యాక్టరీకి పోయిన కాలం మన తాతలు చూశారు. 2015 డిసెంబర్‌లో అది మూతపడింది. ఊరు వదలాలా వద్దా అనే ప్రశ్న ఎప్పుడూ పాతబడదు.

మిగతా కథ మీకు తెలిసిందే. కుంతి తన కొడుకుల్లో ఒకణ్ణి పంపుతానంటుంది. ధర్మరాజుకి కోపం వస్తుంది. ఇన్నాళ్ళు ఆ ఇంటి నీడన ఉన్నాం, రుణం తీర్చుకోవాలి అని కుంతి అంటుంది. భీముడు బండి తోలుకెళ్ళి, బకుడి కోసం తెచ్చిన అన్నం బకుడి ముందే కూర్చొని తింటాడు. వాడు వెనక నుంచి వీపు మీద గుద్దుతుంటే ఈయన తిరిగి కూడా చూడడు. తినడం అయ్యాకే యుద్ధం. చంపాక శవాన్ని ఊరి వాకిట్లో పడేసి, ఇక మనుషుల జోలికి రామని బకుడి బంధువులతో ఒట్టు పెట్టించుకుంటాడు. తెల్లారి జనం అంతా వచ్చి చూస్తారు.

ఇలాంటి కథ మనకొక్కళ్ళకే ఉందా? లేదు. గ్రీకు కథలో ఏథెన్స్ నగరం క్రీట్ రాజుకి ఏడుగురు అబ్బాయిల్ని, ఏడుగురు అమ్మాయిల్ని పంపాలి, మినోటార్‌కి ఆహారంగా. థీసియస్ వాళ్ళలో ఒకడిగా వెళ్ళి దాన్ని చంపుతాడు. జపాన్‌లో 712లో పూర్తయిన కొజికి అనే గ్రంథంలో ఎనిమిది తలల పాము ఉంది, యమత నో ఒరొచి. ఏడాదికో కూతుర్ని తింటుంది. ఎనిమిదో అమ్మాయి మిగిలినప్పుడు సుసానొ అనే దేవుడు వచ్చి ఎనిమిది తొట్లలో సారాయి పోయించి, అది తాగి పడుకున్నాక నరికేస్తాడు. యూరప్‌లో 13వ శతాబ్దంలో రాసిన సెయింట్ జార్జ్ కథలో ఊరివాళ్ళు డ్రాగన్‌కి రోజుకి రెండు గొర్రెలు ఇస్తారు. గొర్రెలు తక్కువ పడ్డాక మనుషుల్ని చీటీలు వేసి పంపుతారు. చివరికి చీటీ రాజుగారి కూతురికే వస్తుంది.

అన్నిచోట్లా అదే వంతు, అదే లెక్క. వీళ్ళంతా ఒకరి దగ్గర ఒకరు కాపీ కొట్టారా? అక్కర్లేదు. బలమైనవాడికి పన్ను కట్టి బతకడం, పన్నుగా పిల్లల్ని ఇవ్వాల్సి రావడం అనే భయం అన్ని దేశాల్లోనూ ఉండేది. భయం ఒకటే అయితే కథలు కూడా ఒకేలా పుడతాయి. కానీ ఒక తేడా చూడండి. సెయింట్ జార్జ్ కథలో చీటీ రాజు ఇంటికి కూడా వస్తుంది. మన ఏకచక్రపురంలో రాజుగారికి వంతు వచ్చినట్టు ఎక్కడా లేదు.

సరే, ఇప్పుడు రెండో రాక్షసి. దీని పేరు కుక్కుట సర్పం. కుక్కుటం అంటే కోడి. కోడి తల, పాము ఒళ్ళు ఉన్న జంతువు. మనం పొలాల దగ్గర అనే కోడెనాగు ఇది కాదు. కోడె అంటే వయసులో ఉన్న మగది అని, కోడెదూడ అన్నట్టు. ఇది నిజంగానే కోడి పాము.

దీనికీ బోధన్‌కీ ఏంటి సంబంధం? బోధన్ పాత పేరు పోదన, పౌదన్యం. బుద్ధుడి కాలంలో 16 మహాజనపదాలు ఉండేవని స్కూల్లో చదివాం కదా. అందులో వింధ్య పర్వతాలకి దక్షిణాన ఉన్నది ఒక్కటే, అశ్మకం. దాని రాజధాని ఈ పోదనపురం. మహాభారతంలో కూడా అశ్మకుడనే రాజు పౌదన్యం కట్టాడని ఉంది. ఆ పోదన మన బోధనే అని చాలామంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. గోదావరి, మంజీర కలిసే కందకుర్తి ఇక్కడికి దగ్గరే.

జైనుల కథల్లో ఈ పోదనపురం చాలా పెద్ద పేరు. బాహుబలి రాజ్యం అదే. ప్రభాస్ బాహుబలి కాదు ఫ్రెండ్స్, మొదటి తీర్థంకరుడు ఋషభనాథుడి కొడుకు. అన్న భరతుడితో యుద్ధంలో గెలిచి, గెలిచిన క్షణంలోనే రాజ్యం వద్దనుకొని తపస్సుకి పోయినవాడు. శ్వేతాంబర జైనులు ఆయన రాజధాని తక్షశిల అంటారు, దిగంబరులు పోదనపురం అంటారు.

కర్ణాటకలోని శ్రవణబెళగొళలో 12వ శతాబ్దపు కన్నడ శాసనం ఒకటుంది. అందులో కథ ఇలా ఉంటుంది. భరతుడు పోదనపురంలో బాహుబలికి 525 ధనుస్సుల ఎత్తు విగ్రహం పెట్టించాడు. కాలం గడిచేకొద్దీ దాని చుట్టూ లెక్కలేనన్ని కుక్కుట సర్పాలు చేరాయి. ఇక అక్కడికి మామూలు మనుషులు పోలేని స్థితి వచ్చింది. గంగరాజుల మంత్రి, సేనాపతి చాముండరాయడు ఆ విగ్రహాన్ని చూడాలనుకున్నాడు. చాలా దూరం, పోలేరు అన్నారు పెద్దలు. అయితే అలాంటి విగ్రహం నేనే చేయిస్తానన్నాడు. అదే ఇప్పుడు శ్రవణబెళగొళలో కొండ మీద నిలబడ్డ సుమారు 57 అడుగుల గోమటేశ్వరుడు. కాలం 981 ప్రాంతం. ఆ విగ్రహం కాళ్ళ దగ్గర పుట్టలు, వాటిలోంచి బయటికొస్తున్న పాములు చెక్కి ఉన్నాయి.

అంటే ప్రపంచమంతా చూడ్డానికి వచ్చే ఆ విగ్రహం పుట్టిందే బోధన్‌కి పోలేక. కనీసం కథ ప్రకారం.

ఇప్పుడు చరిత్ర ప్రశ్న వేద్దాం. ఆ కాలంలో బోధన్ నిజంగానే పాములు తిరిగే పాడుబడ్డ ఊరా? కాదు. అంతకుముందే వేములవాడ చాళుక్యులు ఇక్కడ బలంగా ఉన్నారు. వాళ్ళ పూర్వీకుడు యుద్ధమల్లుడు పోదనలో 500 ఏనుగులకి నూనె తొట్లలో స్నానం చేయించేవాడని వాళ్ళ వంశ వర్ణనల్లో ఉంది. ఏనుగుల లెక్కలో పొగడ్త కొంత ఉండొచ్చు గానీ, పాడుబడ్డ ఊరి గురించి ఎవరూ అలా పొగడరు. చాముండరాయడి తర్వాత కూడా, 1056లో కళ్యాణి చాళుక్య రాజు మొదటి సోమేశ్వరుడి కాలంలో బోధన్‌లో శాసనం వేశారు. ముందూ ఊరుంది, తర్వాతా ఊరుంది. మధ్యలో పాములెక్కడివి?

ఇక్కడ నుంచి నా ఊహ, ఊహ అనే వినండి. 973లో దక్కనులో అధికారం తలకిందులైంది. రాష్ట్రకూటుల్ని ఓడించి చాళుక్య తైలపుడు రాజయ్యాడు. చాముండరాయడి ప్రభువులైన గంగరాజులు రాష్ట్రకూటుల పక్షం. అంటే ఆయన కాలానికి ఉత్తరం వైపు దారి శత్రువుల చేతుల్లోకి పోయింది. ఒక పెద్ద సేనాపతి "శత్రువు ఉన్నాడు కాబట్టి యాత్రకి పోలేకపోయాడు" అని రాసుకుంటే బాగుండదు. "అక్కడ కుక్కుట సర్పాలున్నాయి" అంటే బాగుంటుంది. దారికి అడ్డం నిలబడ్డది కోడి పాములా, చాళుక్య సైన్యమా?

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. పోదనపురానికీ కుక్కుట సర్పానికీ అంతకంటే పాత లింకు ఒకటుంది. 23వ తీర్థంకరుడు పార్శ్వనాథుడి పూర్వజన్మ కథల్లో, పోదనపురంలో కమఠుడు, మరుభూతి అని అన్నదమ్ములు. అన్న చేసిన తప్పు వల్ల ఊరి నుంచి వెళ్ళగొడతారు. తమ్ముడు క్షమించమని వెతుక్కుంటూ వెళ్తే, అన్న బండరాయితో చంపేస్తాడు. తర్వాతి జన్మలో తమ్ముడు ఏనుగై పుడతాడు. అన్న కుక్కుట సర్పమై పుట్టి ఆ ఏనుగుని కాటేస్తాడు. అంటే జైన కథల్లో ఈ జంతువు ఊరికే భయపెట్టేది కాదు. పగకి ఒళ్ళొస్తే అదెలా ఉంటుందో అదే కుక్కుట సర్పం.

యూరప్‌లో దీనికి కజిన్ ఉంది, బాసిలిస్క్. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ దాన్ని పన్నెండు వేళ్ళ పొడవు మించని చిన్న పాము అన్నాడు, తల మీద కిరీటం లాంటి తెల్ల మచ్చ, చూపుతోనే చంపుతుంది. మధ్యయుగాలకి వచ్చేసరికి దానికి కోడి తల వచ్చేసింది. కోడిపుంజు గుడ్డు పెడితే అందులోంచి పుడుతుందని జనం నమ్మారు. ఎంతగా నమ్మారంటే, 1474లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో గుడ్డు పెట్టిందని ఒక కోడిపుంజుని విచారణ చేసి, శిక్ష వేసి, కాల్చేశారు.

నవ్వొస్తోంది కదా? కోడి మీద కేసేంటి అని. ఇప్పుడు నవ్వు రాని సంగతి చెప్తా.

2018 మే నెల. తెలంగాణ, ఆంధ్ర ఊళ్ళల్లో ప్రతి ఫోన్‌లో ఒకటే మెసేజ్. పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠా వచ్చింది, పార్థీ గ్యాంగ్ అట, రాత్రిళ్ళు తిరుగుతున్నారట, చంపి అవయవాలు తీస్తారట. కింద ఎక్కడివో వీడియోలు, ఫోటోలు. జనం కర్రలు పట్టుకొని రాత్రంతా కాపలా కాశారు. ఆ వదంతులతో జనం కొట్టి చంపింది ముఠాలని కాదు. భాష రానివాళ్ళని, మతి సరిగ్గా లేనివాళ్ళని, దారి తప్పి వచ్చినవాళ్ళని. హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని చంపారు. మన నిజామాబాద్ జిల్లాలో కూడా ఒక మనిషి చనిపోయాడు. ఆ సంవత్సరమే జులైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఐదు చాట్‌లకి మించి ఒకేసారి ఫార్వర్డ్ చెయ్యకుండా పరిమితి పెట్టింది. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు పల్లె పల్లెకీ పోయి, డప్పు కొట్టి, పాటలు పాడి ఇది అబద్ధం అని చెప్పాల్సి వచ్చింది.

నేను అడిగేదేంటంటే, ఈ కథలో రాక్షసుడు ఎవరు? పాత రాక్షస కథలు మనకి పిచ్చి నమ్మకాలు నేర్పాయి అని కొందరంటారు. నేను ఒప్పుకోను. బకాసురుడి కథ మళ్ళీ చూడండి. అందులో ఎవరూ అనుమానంతో ఎవర్నీ కొట్టలేదు. ఊరికి కొత్తగా వచ్చిన, ఊరూ పేరూ తెలీని, బిచ్చమెత్తి బతికే ఆరుగురిని ఒక ఇల్లు లోపలికి రానిచ్చింది. ఆ పరాయివాళ్ళలో ఒకడే ఊరిని కాపాడాడు. 2018లో మన ఊళ్ళోకి మారువేషంలో పాండవులే వచ్చి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోండి.

అందుకే, ఏ రాక్షసుడి కథ వచ్చినా, అది పురాణంలో రానీ, ఫోన్‌లో రానీ, మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఎవరు? ఈ భయం వల్ల లాభం ఎవరికి? కాపాడాల్సినవాడు ఆ టైంలో ఎక్కడున్నాడు? బకుడి విషయంలో మూడో ప్రశ్నకి జవాబు వేత్రకీయగృహం. కుక్కుట సర్పాల దగ్గర మొదటి ప్రశ్నకి జవాబు లేదు. అక్కడికి పోయి చూసొచ్చినవాడు శాసనంలో ఒక్కడూ లేడు. వాట్సాప్ మెసేజ్‌కి కూడా అంతే. నా ఫ్రెండ్ వాళ్ళ చుట్టం చూశాడట అనేవాళ్ళే గానీ, నేను చూశా అన్నవాడు లేడు.

మీ ఊళ్ళో కూడా రాకాసిగుట్టో, దయ్యాలబావో, భీముని పాదమో ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఆ పేరెందుకొచ్చిందో అడగండి, ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. అమ్మమ్మలు, తాతలు పోతే ఆ కథలు మళ్ళీ దొరకవు. ఇక రాత్రి పదకొండింటికి గ్రూపులో "అర్జెంట్, అందరికీ పంపండి" అని ఏదైనా వస్తే మాత్రం, తెల్లారేదాకా ఆగండి. బకుడు చచ్చాడని ఏకచక్రపురం వాళ్ళు కూడా తెల్లారాక, వాకిట్లోకి వచ్చి, శవాన్ని కళ్ళతో చూశాకే నమ్మారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా ఫ్రెండ్స్.